అరుగు మీద గ్రూప్ డిస్కషన్

నేను లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రోజూ డైరీ రాస్తున్నాను. వాన ఎప్పుడు పడిందో, బస్సు ఎంత ఆలస్యంగా వచ్చిందో రాసినట్టే, మా ఊరి పిల్లల్లో ఎవరికి ఇంటర్లో ఎన్ని మార్కులు వచ్చాయో, చివరికి ఏ సీటు దొరికిందో కూడా రాసేవాణ్ణి. ఈ సంగతి ఊళ్లో పాకింది. ఏటా ఫలితాలు రాగానే తల్లిదండ్రులు మార్కుల కాగితం పట్టుకుని మా అరుగెక్కేవారు. నేను పాత డైరీలు తిరగేసి, సీటు వచ్చే అవకాశం పదికి ఇంత అని చెప్పేవాణ్ణి. ఎనిమిదంటే మర్నాడు లడ్డూలు వచ్చేవి. రెండంటే వారం రోజులు నన్ను చూసి తల తిప్పుకునేవారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక వేసవిలో ఎదురింటి రైతు తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. అతను నా దగ్గర చదువుకున్నవాడే. ఆ పిల్లకు ఎంసెట్‌లో ఓ మోస్తరు ర్యాంకు వచ్చింది. గుంటూరు చుట్టుపక్కల ఏదో ఒక ఇంజనీరింగ్ సీటు ఖాయం. కాని ఆమె, తల్లికి మాత్రమే చెప్పి, హైదరాబాదులో ఒక కాలేజీకి బీబీఎం అనే మేనేజ్‌మెంట్ కోర్సు కోసం దరఖాస్తు పెట్టి, రాతపరీక్ష కూడా గట్టెక్కింది. ఇక గ్రూప్ డిస్కషన్, ఇంటర్వ్యూ మిగిలాయి. కాలేజీవాళ్లు రమ్మన్న రోజూ, ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో ఈమె ర్యాంకుకు వంతు వచ్చిన రోజూ ఒకటే అయింది. రెండు చోట్లా ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించాలి. కౌన్సెలింగ్‌కు ఆ రోజు పోకపోతే, తర్వాత దొరికేవి అందరూ ఏరుకోగా మిగిలినవే.

"వ్యాపారం నేర్చుకోవడానికి కాలేజీ ఎందుకండీ మాస్టారూ? మిర్చి యార్డులో నాలుగు రోజులు కూర్చుంటే వస్తుంది" అన్నాడు తండ్రి. అయినా మాట ఇచ్చాడు. నేను పదికి ఆరని చెబితే పంపిస్తాడట. ఒక్కటి తగ్గినా కౌన్సెలింగే.

ఆ పిల్ల నా చేతిలోని డైరీ వైపే చూస్తూ నిలబడింది.

రెండు రోజులు డైరీలన్నీ వెతికాను. ఇంజనీరింగ్, మెడిసిన్, పాలిటెక్నిక్, టీచర్ ట్రైనింగ్ ఉన్నాయి. మేనేజ్‌మెంట్ కోర్సు ఒక్కటీ లేదు. బీకాంలో చేరిన కుర్రాడు మాత్రం ఒకడున్నాడు. అతని పేరు పక్కన నేనే రాసిన మాట, "ఇంకెక్కడా రానందువల్ల" అని. అది చదివి కొంచెం సిగ్గుపడ్డాను. మేం ఆ చదువుల్ని చూసే చూపు అది.

పాత లెక్క లేనప్పుడు కళ్లతో చూసి కొలవాలి. గ్రూప్ డిస్కషన్ అంటే ఏమిటని ఆ పిల్లను అడిగాను. ఎనిమిది పది మందిని కూర్చోబెట్టి ఒక విషయం ఇస్తారట. అందరూ మాట్లాడాలి. ఎవరెలా మాట్లాడుతున్నారో పక్కనుంచి గమనిస్తారు. నాకు నవ్వొచ్చింది. సాయంత్రం ఐదు దాటితే మా అరుగు మీద జరిగేది అదే. ఆ రోజుల్లో విషయం కూడా సిద్ధంగా ఉంది: మిరపకాయలు ఇప్పుడే అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా?

ఆ సాయంత్రం ఆమెను వాళ్ల మధ్య కూర్చోబెట్టి, గడియారం, డైరీ దగ్గర పెట్టుకున్నాను. పావుగంటలో ఆమె ఒక్కసారి నోరు తెరిచింది. ఆరో మాట దగ్గర వాళ్ల పెదనాన్న అందుకున్నాడు. ఆయన గొంతు చెరువు అవతలికి వినిపిస్తుంది. రెండో రోజు ఆమె కూడా గొంతు పెంచింది. ఆరుగురు అరిచేచోట ఏడుగురు అరిచారు, అంతే. "ఈ పిల్లకు మనం కాలేజీ పెట్టాం రా, ఫీజు అడగండి" అని ఒకాయన ఎకసెక్కం చేశాడు. ఆ రాత్రి ఆమె అన్నం సరిగా తినలేదని తల్లి చెప్పింది. అయినా మర్నాడు అందరికంటే ముందే వచ్చి కూర్చుంది.

ఆరో సాయంత్రం ఆమె అరవలేదు. పెదనాన్న ఊపిరి తీసుకునేదాకా ఆగి, మామూలు గొంతుతో ఒక ప్రశ్న వేసింది.

"పెదనాన్నా, పోయినేడు మీరు స్టోరేజీలో పెట్టారుగా. ఎందుకని మధ్యలోనే తీశారు?"

 సంగతి అందరికీ తెలుసు. ఆయన పెద్దమ్మాయి పెళ్లి ముహూర్తం కుదిరి, ధర లేని రోజుల్లో తీసి అమ్ముకున్నాడు.

"అవసరం వచ్చింది, తీశాను. నీకు తెలీదా ఏంటి?" అన్నాడు, ఈసారి చిన్నగా.

ఆ సందులో ఆమె చెప్పవలసింది చెప్పింది. దాచాలా వద్దా అన్నది ధరను బట్టి కాదు, ఆ ఇంట్లో దీపావళిలోపు ఏ అవసరం ఉందో దాన్ని బట్టి చూసుకోవాలి. అవసరానికి సరిపడా అమ్మి, మిగతాది పెట్టాలి.  "ఇదేదో బాగానే ఉందిరా" అన్నాడు పెదనాన్నే. ఆమె తండ్రి స్తంభానికి ఆనుకుని కూర్చుని ఇదంతా విన్నాడు.

తెల్లవారి అతను అంకె కోసం వచ్చాడు. ఆరని చెప్పాలని నాకు మనసులో చాలా ఉంది. కాని అక్కడికి వచ్చే మిగతా పిల్లలెవరో, వాళ్ల ఇంగ్లీషు ఎలాంటిదో నాకు తెలియదు. తెలియని దానికి అంకె పెంచడం చేతకాలేదు.

"పదికి నాలుగు" అన్నాను.

అతను కండువా దులిపి మళ్లీ భుజాన వేసుకున్నాడు. "మనం పత్తి వేసేటప్పుడు పదికి ఎంతని చూసుకుని వేస్తున్నాం మాస్టారూ?" అన్నాడు. కూతుర్ని తనే హైదరాబాదు బస్సు ఎక్కించుకుని వెళ్లాడు. కౌన్సెలింగ్ వంతు దాటిపోయింది.

తిరిగి వచ్చాక ఆ పిల్ల చెప్పింది, అక్కడ ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారట. "ఎవరూ అడ్డు రాకపోయేసరికి మొదట నాకు మాట తోచలేదు తాతయ్యా" అని నవ్వింది. మొదటి జాబితాలో ఆమె పేరు లేదు, వెయిటింగ్‌లో మూడోది. పది రోజులు ఆ ఇంట్లో ఫోన్ మోగితే మా ఇంట్లో నేను లేచి నిలబడేవాణ్ణి. పదకొండో రోజు పొద్దున సీటు వచ్చిందని కబురు తెలిసింది.

ఇప్పటికీ అరుగు మీద సీట్ల మాట వస్తే, మాస్టారు నాలుగే అన్నారని ఆ పిల్ల తండ్రి అందరి ముందూ నన్ను ఆటపట్టిస్తాడు. నేను డైరీలో ఆ నాలుగు దిద్దలేదు. ఆ రోజు నాకు తెలిసినంతలో అది సరైన లెక్కే. పక్కన మాత్రం మరో రంగు సిరాతో "వచ్చింది" అని రాసుకున్నాను.