మందు నీళ్లు

పుంగనూరులో నేను పనిచేసే పట్టుచీరల కొట్టు యజమానురాలు ఒక చీర అంచు విప్పి చూపించింది. దాని మీద నా నాలుగు వేళ్ల తడి మచ్చలు.

"ఇట్లయితే ఎట్ల మా? చేతులు ఆరేదాకా చీరలు ముట్టుకోవద్దు. పెండ్లిండ్ల సీజనుకు బాగు కాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటా" అనింది.

నా అరచేతులకు చిన్నప్పటి నుంచీ చెమట. డైరీ రాసేటప్పుడు చేతి కింద రుమాలు వేసుకుంటాను. మదనపల్లెలో ఒక క్లినిక్‌లో దీనికి కరెంటు వైద్యం ఉందంటే వెళ్లాను. మందు కలిపిన నీళ్ల ట్రేలలో చేతులు పెడితే, సన్నని కరెంటు ఆ మందును చర్మంలోకి తోస్తుంది.

నాకంటే ముందు, కుప్పం నుంచి వచ్చిన సెక్యూరిటీ గార్డు అవే ట్రేలలో పాదాలు పెట్టుకుని ఉన్నాడు. "బూట్లిప్పితే నా పెండ్లామే పక్కన కూసోదు మా" అని నవ్వాడు. ఆయన లేచాక నీళ్లు చూశాను. మీద నానిన చర్మపు పొరలు, ఒక మూల గోటి ముక్క. పులిసిన సాక్సుల వాసన.

"గాజులు తీసి చేతులు పెట్టు మా" అన్నాడు ట్రేలు చూసుకునే అతను.

'నీళ్లు మార్చండి' అనాలి. రెండే మాటలు. అడగడానికి మొహమాటం. డైరీలోంచి కాగితం చింపి, ఆ రెండు మాటలే రాసి ఇచ్చాను. అప్పటికే నా చెమటకు సిరా అలుక్కుపోయింది.

అతను లైటుకు ఎత్తి చూశాడు. "నీళ్లా? అడిగేదానికి యాల సిగ్గు?" అని స్టీలు గ్లాసు నిండా తాగే నీళ్లు తెచ్చిచ్చాడు.

తాగాను. తాగి, చేతులు ఆ ట్రేలలోనే పెట్టాను. కరెంటు చీమలు పాకినట్టు ఎక్కింది. లోపలికి పోతున్నది మందొక్కటేనా? గోటి ముక్క తేలుతూ వచ్చి నా మణికట్టుకు అంటుకుంది. ఇంటికొచ్చి ఎంత సబ్బు రుద్దినా, అన్నం చెంచాతోనే తిన్నాను.

ఉన్న ఉద్యోగం పోకుండా నాలుగు వారాలు ఆ క్లినిక్‌కు తిరిగాను. ప్రతిసారీ ఎవరో ఒకరి పాదాలు కడిగిన నీళ్లే. చివరికి అరచేతులు ఆరాయి. ఆ రోజు మళ్లీ అదే చీటీ రాసిచ్చాను. సిరా చెదరలేదు.

"ఇన్నాళ్లూ దీన్నా నువ్వు అడగతాండింది?" అంటూ ట్రేలు సింకులో వంచాడు. అడుగున పచ్చటి జిగట. ఇంక చేతులు పెట్టకుండానే గాజులు తొడుక్కుని బస్సెక్కేశాను.

మర్నాడు కొట్లో చీర మడత పెట్టాను. యజమానురాలు అంచును వెలుతురులో తిప్పి చూసి, "బాగుండాది మా, ఒక్క మచ్చ లేదు" అనింది.

నేను మాత్రం పొడి చేతులు చున్నీకి తుడుచుకుంటూనే ఉన్నాను.