ఇరవయ్యారో వరస, తూర్పు వైపు

మా పేటలో కాఫీ కొట్టు నడిపేవాణ్ణి "మాస్టారూ" అని పిలుస్తారు. ఎవరికీ ఓనమాలు కూడా దిద్దించినవాణ్ణి కాను, అయినా ఇరవయ్యేళ్ళుగా ఆ పిలుపుకి పలుకుతున్నాను. కాబట్టి ఉరబే గారి సంగతి చెప్పేటప్పుడు మధ్యలో మాస్టారు అని వినబడితే అది నేనే, చదువు చెప్పేవాడెవడో కాదు.

ఉరబే గారు గ్యాస్ మీటర్లు చూసే మనిషి. సుమిదా నదికి ఇవతల ఉన్న మా సందులన్నిటిలో గోడవారగా వంగి, జేబులోంచి భూతద్దం తీసి, అంకె చూసి, చేతిలోని యంత్రంలో నొక్కుకుని పోతుండేవాడు. యాభై తొమ్మిదేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. "వంగి వంగి ఇలా అయిపోయాను, పెళ్ళిచూపులకు నిటారుగా కూచోవాలిగా" అనేవాడు. ఆయన తిరిగే ఇళ్ళలో సుమో మల్లుల తాలింఖానా ఒకటుంది, మా కొట్టుకి మూడు సందుల అవతల. ఆయన జీవితంలో చెప్పుకోదగ్గ గోడ అదొక్కటే.

మా ఆట గురించి చెప్పాలి. ఏడాదికి ఆరు పోటీలు. ఒక్కో పోటీ అయిన బుధవారం నాడు సుమో సంఘం పెద్దలు కూచుని, ఆరొందలమంది మల్లుల్లో ఎవడు ఏ తరగతిలో, ఏ వరసలో ఉండాలో తేల్చేస్తారు. తేల్చి, ఆ వరసల కాగితం అచ్చయి వచ్చేదాకా నెలకు పైగా పెదవి విప్పరు. ఈలోగా ఎవడైనా మానేసినా పేరు అలాగే ఉండిపోతుంది, కాగితం ఎవరికోసమూ మారదు. మేం నలుగురం మంగళవారం సాయంత్రానికే మా జోస్యాలు రాసి నా బిస్కెట్ల డబ్బాలో పడేస్తాం. ఒక్కో వరసకి తూర్పు వైపు ఒకడు, పడమటి వైపు ఒకడు ఉంటారు; వరసా, వైపూ రెండూ కుదిరితే రెండు మార్కులు. వైపు తప్పితే ఒకటి.

పైతరగతుల జోలికి మేం పోం. వాళ్ళ గురించి టీవీ ఉంది. మాది అట్టడుగు రెండు తరగతులు. జీతం రానివాళ్ళు, తెల్లారే లేచి పొయ్యి దగ్గర కూరలు తరిగేవాళ్ళు, కాగితం అడుగున చీమల బారులా అచ్చయ్యేవాళ్ళు. అందరికంటే తక్కువ మార్కులు వచ్చినవాడు, కాగితం వచ్చిన రోజున ఆ చీమలన్నిటినీ భూతద్దం పెట్టి పైకి చదవాలి. అదీ శిక్ష. తొమ్మిదేళ్ళుగా చదివింది ఉరబే గారే.

ఎందుకు ఓడిపోయేవాడో మా అందరికీ తెలుసు. ఆ తాలింఖానాలో ఇసోనామి అని ఒక మల్లుడు. ఉరబే గారిదీ వాడిదీ ఒకే ఊరు, నాగసాకి ప్రాంతంలో సముద్రం మధ్య ఒక దీవి. మూడొందలమంది మనుషులు, అంతకు రెండింతలు పిల్లులు. ఇసోనామి పదహారో ఏట వచ్చాడు, ఇప్పుడు ముప్పై ఏడు. ఇరవయ్యొక్క ఏళ్ళలో నడిమి తరగతి దాకా ఒకే ఒక్కసారి పాకి, చలేసినట్టు మళ్ళీ కిందికి దిగిపోయాడు. ఉరబే గారు ప్రతిసారీ వాణ్ణి ఉండాల్సిన చోటికంటే పది వరసలు పైన పెట్టేవాడు. వాడితోపాటు చుట్టూ ఉన్నవాళ్ళందరి లెక్కా తారుమారయ్యేది.

"అబ్బాయ్, ఇది జోస్యమా, మొక్కుబడా?" అనేది సకమకి గారు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, మందుల కొట్టు కొడుక్కి అప్పజెప్పి మామీద పడింది. చదరాల పుస్తకంలో కొట్టివేతలు లేకుండా లెక్కవేసి ప్రతిసారీ గెలిచేది. ఓడిపోయినవాళ్ళని ఊరికే వదిలేది కాదు.

"కాకి పిల్ల కాకికి ముద్దులెండి," అని తాళాలు బాగుచేసే కొమోరి అందుకునేవాడు.

"ఒక్కసారి కుదురుతుంది," అనేవాడు ఉరబే గారు. "ఒక్కసారి వాడు సరిగ్గా నేను పెట్టిన చోటే ఉంటాడు. అది చూస్తే చాలు నాకు."

ఇంకో సంగతి. తాలింఖానా గ్యాస్ మీటరు చూసేది ఆయనే కదా. కుర్రాళ్ళు పారిపోతే వంట తగ్గుతుంది, కొత్తవాళ్ళు చేరితే పెరుగుతుంది. ఒకళ్ళ ఇంటి అంకె ఇంకొకళ్ళకి చెప్పకూడదన్నది ఉద్యోగ ధర్మం, ఆయన ఎన్నడూ చెప్పలేదు. కానీ మీటరు చూసి నేరుగా మా కొట్టుకే వచ్చేవాడు. అంకె తగ్గితే ఉత్త కాఫీ. మామూలుగా ఉంటే రొట్టె ముక్క. బాగా పెరిగితే రొట్టె మీద స్ట్రాబెర్రీ జాము, పక్కన ఉడకబెట్టిన గుడ్డు. ఈ సంగతి ఆయనకు తప్ప మా ముగ్గురికీ తెలుసు. ఆయన జాము చూసి మేం మా కాగితాలు దిద్దుకునేవాళ్ళం. సిగ్గుచేటే, ఒప్పుకుంటున్నాను.

పోయిన శీతాకాలంలో ఇసోనామి మోకాలు పోయింది. ఆపరేషన్ చేశారు. జనవరిలో ఆడలేదు, అట్టడుగు తరగతికి జారిపోయాడు. అక్కడ కూడా పోటీలో అసలు దిగకపోతే పేరు కాగితం మీంచి రాలిపోతుంది. అలా రాలకుండా ఉండాలంటే ఒక్క ఆట ఆడితే చాలు, ఓడినా సరే. మార్చిలో ఒసాకా పోటీ పదమూడో రోజున వాడు ఆ ఒక్క ఆట ఆడాడు. ఉరబే గారు సెలవు పెట్టి వెళ్ళి చూసొచ్చాడు.

"ఎలా ఆడాడు?" అన్నాను.

"పొద్దున్నే కదా మాస్టారూ, హాల్లో మనుషులకంటే చాపలు ఎక్కువున్నాయి. కట్టుతో వచ్చాడు. వంగాడు. లేచాడు."

"లేచి?"

"పడ్డాడు. నాలుగు సెకన్లు. దిగేటప్పుడు మెట్టు దగ్గర ఒక ముసలాయన చెయ్యందించాడు. అది నేనే లెండి."

మంగళవారం సాయంత్రం జోస్యాలు రాసుకుంటున్నాం. వచ్చే నెలాఖరుకే కంపెనీవాళ్ళు మా వీధుల్లో కొత్త మీటర్లు బిగించడం మొదలుపెడుతున్నారు, అవి తమ అంకె తామే పంపించుకుంటాయట. ఉరబే గారికి తాలింఖానా గోడ దగ్గరికి వెళ్ళే పని ఇంకొక్కసారే మిగిలింది. ఆ మాట ఆయనే చెప్పాడు, చెప్పి పెన్సిలు చెక్కుకుంటూ కూచున్నాడు.

సకమకి గారు తన పుస్తకం ఆయన ముందుకు తోసింది. తొమ్మిదేళ్ళలో ఎవరికీ చూపించని పుస్తకం.

"ఒక్కసారి మనసు పక్కన పెట్టి లెక్క వెయ్యవయ్యా. వాణ్ణి సరిగ్గా పెట్టాలని ఏడుస్తావుగా. ఇదిగో, ఇలా తీసెయ్యి, ఇలా కలుపు."

ఆయన తీసేశాడు, కలిపాడు. చాలాసేపు పట్టింది. చివరికి ఇరవయ్యారో వరస, తూర్పు వైపు అని తేలింది. అట్టడుగు తరగతిలో దాని కింద ఇక మూడు నాలుగు వరసలే.

"ఇంత కిందా?" అన్నాడు.

"అంత కిందే," అంది ఆవిడ.

రాశాడు. రాసిన కాగితం ఊదాడు, పెన్సిలు రాత ఆరాలన్నట్టు. ఇక్కడ నా ఘనత కూడా చెప్పుకోవాలి. ఇసోనామి బుధవారం లోపే మానేస్తాడని లోపల్లోపల తీర్మానించుకుని, వాడి పేరే లేకుండా నా కాగితం నింపేశాను. చెయ్యి అడ్డుపెట్టి మరీ రాశాను.

ఏప్రిల్ మధ్యలో ఒకరోజు పదకొండింటికి కొమోరి ఫోను పట్టుకుని లోపలికి వచ్చాడు. సుమో సంఘం వాళ్ళ ప్రకటన. మానేసినవాళ్ళ పేర్లు ఐదు. మూడోది ఇసోనామి.

"అయ్యో. ఉరబే అన్నకి ఎవరు చెబుతారు?" అన్నాడు కొమోరి.

"నువ్వే చెప్పు, వార్త తెచ్చావుగా," అంది సకమకి గారు.

"మీరు పెద్దవారు."

"పెద్దదాన్ని కాబట్టే చెప్పను."

ఇద్దరూ నావైపు చూశారు. అప్పుడే తలుపు గంట మోగింది. ఉరబే గారు. ఆవేళ ఆయన మీటర్ల రోజు. టోపీ తీసి పక్కన పెట్టి, నవ్వుతూ, "మాస్టారూ, రొట్టె. జాము గట్టిగా పట్టించండి. గుడ్డు కూడా," అన్నాడు.

 ఇసోనామి వెళ్ళిపోయాడు, వీడ్కోలు విందుకని తాలింఖానాలో రోజంతా పెద్ద కుండలు పొయ్యి మీదే ఉండి ఉంటాయి. అంకె పెరిగింది. ఆ అంకె చూసి ఈయన వాడు కోలుకుని తింటున్నాడనుకుంటున్నాడు.

"మే పోటీలో తన వంతు ఏడు ఆటలూ ఆడతాడు చూడండి," అన్నాడు ఉరబే గారు, జాము మూతి తుడుచుకుంటూ.

"ఆడతాడు, ఎందుకు ఆడడు," అంది సకమకి గారు. ఆవిడ జన్మలో లెక్కలేకుండా అన్న మాట అదొక్కటే.

ఆ రెండు వారాలూ మేం నోళ్ళు కుట్టేసుకున్నాం. ఆయన ఫోను అంకెల మీటలున్న పాతది, కాబట్టి అందులో వార్త రాదు. నేనైతే కొట్లోకి వచ్చే క్రీడల పత్రికలో సుమో పేజీ మీద కాఫీ ఒలకబోశాను. రోజూ ఒలకబోయాల్సిన అవసరం లేదని కొమోరి చెప్పేదాకా రోజూ ఒలకబోశాను.

ఏప్రిల్ ఆఖరి సోమవారం కాగితం వచ్చింది. డబ్బా తెరిచాం. ఎవరు ఓడిపోయారో తేలకముందే ఉరబే గారు అలవాటుగా భూతద్దం తీసి చదవడం మొదలుపెట్టాడు, మేం మా జోస్యాల మీద టిక్కులు పెట్టుకుంటున్నాం. రెంటిలో పై తరగతి అయింది. అట్టడుగుది మొదలైంది. పేరు, పేరు, పేరు. ఇరవై నాలుగు. ఇరవై ఐదు.

"ఇరవయ్యారు, తూర్పు," అన్నాడు. భూతద్దం ఆగింది. "నాగసాకి. ఇసోనామి."

కుదిరింది. తొమ్మిదేళ్ళకి కుదిరింది. కొమోరి చప్పట్లు కొట్టబోయి, చేతులు దగ్గరికి తెచ్చి, అలాగే పట్టుకుని కూచున్నాడు. నేను "భలే ఉరబే గారూ!" అన్నాను. నా గొంతు నాకే సర్కస్‌వాడి గొంతులా వినబడింది.

ఆయన భూతద్దం బల్ల మీద పెట్టాడు.

"వాడు లేడుగా మాస్టారూ."

కొమోరి చేతులు బల్ల కిందికి దింపేశాడు.

"మీటరు దగ్గర ఉండగానే తాలింఖానా పెద్దావిడ బయటికొచ్చి చెప్పింది. వాణ్ణి ముందురోజే పంపించేశారట. నాకోసం ఒక గిన్నెడు పులుసు దాచి ఉంచింది, వాడి ఊరాయన కదా అని. గోడ దగ్గర నిలబడే తాగాను."

"మరి ఆ జాము?" అన్నాడు కొమోరి, ఉండబట్టలేక.

"ఉత్త కాఫీ అడిగితే మీకు తెలిసిపోతుందిగా."

మాకు మొహాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ రొట్టె సంగతి ఆయనకు మొదటినుంచీ తెలుసన్నమాట. తొమ్మిదేళ్ళుగా ఆయన మాకు అంకె చెప్పకుండానే చెబుతున్నాడు, మేం దొంగిలిస్తున్నామనుకుంటూ తీసుకుంటున్నాం.

"మేం మీకు తెలియదనుకుని దాచాం," అంది సకమకి గారు మెల్లగా.

"తెలుసండీ. మాస్టారు పత్రిక మీద అన్నిసార్లు కాఫీ ఒలకబోస్తే తెలియదూ?"

ఆవిడ ఆయన కాగితం లాక్కుని ఇరవయ్యారు ఎదురుగా రెండు అని ఎర్ర సిరాతో వేసింది. "మనిషి ఉన్నా లేకపోయినా పేరు ఉంది. నిబంధన నిబంధనే. నీకు మార్కులొచ్చాయి అబ్బాయ్. నువ్వు చెప్పిన చోటే ఉన్నాడు."

"అదేనండీ నా బాధ," అన్నాడు ఉరబే గారు. "మనసుతో పెట్టినన్నాళ్ళూ తప్పాను. వాడు మాత్రం ఉన్నాడు. ఒక్కసారి లెక్కతో పెట్టాను. అంత కిందా అనిపించింది, అయినా పెట్టాను. నేనే దించేశానేమో వాణ్ణి."

 సకమకి గారి దగ్గర అన్నిటికీ లెక్క ఉంటుంది. ఆవిడ పుస్తకం మూసేసింది.

మార్కులు కూడితే ఆఖరున నిలిచింది నేను. ఇసోనామిని తీసేసిన పాపానికి వాడి కిందవాళ్ళందరూ నా కాగితంలో ఒక గడి పైకి జరిగి కూచున్నారు. నేను వాడి పేరు రాయలేదన్న సంగతి అందరిముందూ బయటపడింది. ఉరబే గారు నా కాగితం చూశాడు, రెండుసార్లు చూశాడు. భూతద్దం నావైపు జరిపాడు. "తర్వాతిసారి మీరేగా. నాకిక మీటర్లూ లేవు."

జులై పోటీ కాగితం వచ్చిన రోజున నేనే చదివాను. ఉరబే గారు వచ్చాడు. విప్పేసిన పాత మీటర్లు గుట్టలుగా పోసిన గోదాము ఉందిట, దానికి ఆయన్ని కాపలా పెట్టారు. జోస్యం ఇవ్వలేదు. మూల బల్ల దగ్గర కూచుని, నేను పేర్లు తప్పు పలికినప్పుడల్లా తలెత్తకుండానే సరిదిద్దాడు. సగానికి సగం తప్పులే.

అట్టడుగు తరగతి సగంలో ఉండగా అడిగాడు. "నాగసాకివాళ్ళు ఎవరైనా ఉన్నారా మాస్టారూ?"

వెతికాను. కొత్తగా చేరిన కుర్రాడొకడు, ఆఖరికి దగ్గరగా.

"ఒకడున్నాడు."

"ఏ ఊరు?"

"కాగితం ఊరు చెప్పదు కదా ఉరబే గారూ."

"చెప్పదు," అన్నాడు.

నేను రొట్టె కాల్చి జాము సీసా మూత తిప్పబోయాను. వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన ముందు ఉత్త కాఫీ చల్లారిపోతోంది.

"చదవండి," అన్నాడు. "ఇంకా ఉన్నారుగా."