అతుకులన్న సాక్ష్యం

సైకిళ్లకు పంక్చర్లు వేసే ఆయనను పేటంతా అతుకులన్న అనేవారు. చొక్కాకు అతుకు, గొడుగుకు అతుకు, కుర్చీకి అతుకు. మనిషి మంచివాడే. కాకపోతే పక్కవాళ్లకు కొత్త టీవీల మీద ఎంత మోజో, ఆయనకు తన పొదుపు మీద అంతకు రెట్టింపు మోజు. బావమరిది పెద్ద ఫ్రిజ్ కొంటే, పులిని చూసి నక్క వాత పెట్టుకుందని నెల్లాళ్లు ఎగతాళి చేశాడు. ప్రతి ఆదివారం చర్చిలో లేచి, ఉన్నదానితో తృప్తిగా బతకడం ప్రభువు తనకు నేర్పాడని సాక్ష్యం చెప్పేవాడు. అందరూ ఆమెన్ అనేవారు. ఆడవాళ్ల వరుసలోంచి భార్య కూడా అనేది, కాస్త ఆలస్యంగా.

గ్యాసు పొయ్యి గొట్టం పగిలింది, కొత్తది తెమ్మని ఆమె చెప్పి పది రోజులైంది. పగులు గోరంత కూడా లేదని ఆయన నవ్వాడు. సైకిల్ ట్యూబు ముక్క కోసి, ఆకురాయితో గీకి, సొల్యూషన్ రాసి, పంక్చరు వేసినట్టే వేశాడు. గాలిని ఆపేది గ్యాసును ఆపదా అన్నాడు. గ్యాసు తగిలితే ఆ జిగురు మెత్తబడి ఊడొస్తుందని, ముప్పై ఏళ్లు ట్యూబులతో కాపురం చేసినవాడికి తట్టలేదు.

ఆ ఆదివారం ఆయన ముందుగా చర్చికి బయలుదేరి, కళ్లజోడు మరచిపోయి సగం దారిలోంచి వెనక్కి వచ్చాడు. గుమ్మం దగ్గరే వాసన గుప్పుమంది. తలుపుకు లోపలినుంచి గడియ. భార్యకు నాలుగు రోజులుగా జలుబు, అత్తరు పక్కన పెట్టినా తెలియదు. ఆయన చెయ్యి అలవాటుగా బెల్లు మీదికి వెళ్లి, నొక్కబోతూ ఆగింది. చిన్న నిప్పురవ్వ పుడితే ఇల్లే ఉండదు.

ఓరగా తెరిచి ఉన్న వెనక కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. ఆమె పొయ్యి ముందు నిలబడి అగ్గిపెట్టె తెరుస్తోంది. అరిస్తే ఉలిక్కిపడి గీస్తుందేమో. మామూలుగా పిలిస్తే, చేతిలో పని ముగించి గానీ తిరిగే మనిషి కాదు. ఆదివారాల్లో అరగంట ప్రార్థన చేసేవాడికి అప్పుడు ప్రభువా అన్న మాట తప్ప ఇంకేమీ రాలేదు. ఆమె పుల్ల తీసింది.

"పుల్ల గీయకు," అన్నాడు మెల్లగా, కిటికీ చువ్వలు పట్టుకుని. "నన్ను చూడు. గ్యాసు నిండిపోయింది. ఏ స్విచ్చీ ముట్టుకోకుండా వచ్చి తలుపు తియ్యి."

ఆమె పుల్లనూ ఆయననూ మార్చి మార్చి చూసింది. తరవాత చేతులు దూరంగా పట్టుకుని నడిచొచ్చి గడియ తీసింది. ఆయన లోపలికి వెళ్లి సిలిండరు కట్టేసి, మిగతా కిటికీలన్నీ తెరిచి వచ్చేసరికి ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. ఆయన పక్కనే కూలబడ్డాడు. ఏదో ఒకటి అనాలి గనక, దేవుడు కాపాడాడు, ఈ సంగతి ఇవాళే సాక్ష్యం చెబుతానన్నాడు.

"చెప్పండి. ప్రాణం మీదికి తెచ్చిందెవరో కూడా చెప్పండి," అంది ఆమె. గొంతు పెంచలేదు. "ఉన్నది మీకు చాలింది. నాకు చాలిందో లేదో ఒక్కరోజైనా అడిగారా?"

ఆయనకు ముఖం చెల్లలేదు. ఇన్నేళ్లూ ప్రభువు కోసం వదులుకున్నానని తను చెప్పుకున్నవాటిలో సగం ఆమెవే. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, తనకు తానే ఎప్పుడూ చెప్పుకోలేదు. సిగ్గుతో తల వంచుకుని, నీకేం కావాలో చెప్పమని అడిగాడు.

ఆమె నోరు తెరిచింది. ఆలోచించింది. చాలాసేపు వెతుక్కుంది.

"ఏమీ గుర్తు రావడం లేదండీ," అంది. అప్పుడు ఏడ్చింది.