అఫ్సర్ సార్ ఒప్పుకున్న ఐదు గ్రాములు

సిద్దిపేటలో కంప్యూటరును చెప్పులు విడిచి చూసిన రోజులవి. బట్టల దుకాణం మీది గదిలో సీ భాష నేర్పే అఫ్సర్ సార్‌కు "దాదాపు" అనే మాట గిట్టదు. క్లాసుకు నిమిషం ఆలస్యమైతే తలుపు గడియ పడేది. కూరలో ఉప్పు వేసేటప్పుడు కూడా చెంచా అంచు వేలితో గీసి సమం చేస్తాడని ఆయన భార్య కుల్సుం నవ్వేది.

మా పిల్లల డాక్టరు కోసం ఆయనే ఒక ప్రోగ్రాం రాశాడు. పసిపిల్ల వారంవారం ఎంత పెరగాలో కూడి, నిజంగా పెరిగిన బరువుతో పోల్చి చెబుతుంది. మా పాప ఒక వారం 0.1 కిలో, మరుసటి వారం 0.2 పెరగాలి. రెండు వారాల్లో పెరిగింది సరిగ్గా 0.3. కంప్యూటరు మాత్రం "తక్కువ" అంది. డబ్బా పాలు పట్టాలేమో అన్నాడు కాంపౌండరు. ఫిజిక్సు చదివినదాన్నే, అయినా మనసు ఊరుకోలేదు. పాలడబ్బా కొని, పాపను ఎత్తుకొని సార్ దగ్గరికి ఉరికాను.

"మిషిన్ అబద్ధం చెప్పదు మేడం."

"ఒకటీ రెండూ కలిస్తే మూడు కాదా సార్?"

లోపలి నుంచి కుల్సుం, "మా దిక్కయితే మూడే! ఆయన దిక్కు ఎంతనో!" అంది.

సార్ మూతి ముడుచుకొని ఆ కూడికనూ, పాప పెరిగిన బరువునూ దశాంశాలన్నిటితో తెర మీద వేశాడు. కూడికలో మూడు తర్వాత, సున్నాల వరుస దాటినాక, చివర ఒక నాలుగు. పాప బరువేమో వెంట్రుకవాసి కిందనే ఆగింది.

సార్ కుర్చీలో కూలబడ్డాడు. "ఈ దశాంశాలు దీని కడుపుల పూర్తిగ పట్టవు. నేను ఉన్నదున్నట్టు పోల్చిన."

"గింతకే బిడ్డను బక్కదాన్ని జేసిన్రా!" అంది కుల్సుం.

సీ భాష వెంట వచ్చే గణిత లైబ్రరీలో ఫ్యాబ్స్ అనే ఫంక్షన్ ఉంది. తేడాను ప్లస్సు మైనస్సు లేకుండా ఇస్తుంది. అది ఒక హద్దు లోపల ఉంటే సమానమే అనుకోవాలి. ఆ హద్దు ఎంతో రాయబోయి సార్ చెయ్యి ఆగింది. ఎవరికీ ఏదీ మాఫీ చేసి ఎరగని మనిషి!

"దవాఖాన కాంటా పది గ్రాముల కన్నా సన్నగ చూపదు సార్. అండ్ల సగం పెట్టుండ్రి," అన్నాను.

"ఐదు గ్రాములా! జాస్తి గాదా?"

"పెట్టుండ్రి, మీ ఆస్తేం పోదు," అంది కుల్సుం.

పెట్టాడు. "సరిపోయింది," అన్నాడు నీరసంగా. పాలడబ్బాను మూత తీయకుండానే దుకాణంలో వాపసిచ్చి, నిశ్చింతగా ఇంటికి వెళ్ళాను.

మర్నాడు పొద్దున సార్ మా గుమ్మంలో నిలబడ్డాడు.

"మేడం, తూచినప్పుడు పాపకు లంగోటి ఉండెనా? అదే ఐదు గ్రాముల కన్నా జాస్తుంటది."

ఎంత ఆలోచించినా నాకు గుర్తు రాలేదు. పాపను ఎత్తుకొని దవాఖానకు బయలుదేరాను. వెనకనే గొడుగు పట్టుకొని అఫ్సర్ సార్.