చక్కెర అంగీ

"మందమర్రిల మంచిగుండు బిడ్డా," అన్నాను. "నువ్వు పైలం అవ్వా," అన్నది బదిలీ మీద పోతున్న దవాఖాన సిస్టరు. మా చివరి మాటలు అవే.

ఏదడిగినా ఎదురు ప్రశ్న వేసేది. మా ఆయన ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి పోయాక నన్ను సూది వేయించుకోమన్నది. అది వేయించుకుంటే నిమ్ము తెచ్చే పురుగును ఒళ్ళే గుర్తుపట్టి ఆపుతుందట.

"పురుగొస్తే ఒళ్ళెట్ల గుర్తువడ్తది?" అన్నాను.

"బొగ్గు గనిలకెల్లి అందరు నల్లగ వస్తుంటే తాతనెట్ల గుర్తువట్టినవ్?"

"నడకతోని."

"గట్లనే. నిమ్ము పురుగుకు చక్కెర అంగీ ఉంటది. సూదిల ఉత్త అంగీ ముక్కలే. వాటిని చూసి ఒంట్ల కావలోళ్లు తయారైతరు. రేపు పురుగొస్తే అంగీని చూసి పట్టుకుంటరు."

"నాకు షుగరున్నది గద!"

"చాయిల ఏసే చక్కెర కాదవ్వా!" పడిపడి నవ్వింది.

సూదికి చెయ్యి చాపాను. ఇది రాస్తున్న మనవరాలికి నేను తప్ప ఎవరూ లేరు. ఈ చలికాలమూ దాటాను.

బిడ్డా, ఈ కాగితం సిస్టరుకు పంపే ముందు ఒకపారి చదివి ఇనిపియ్యి. దండం పెడుతున్ననని రాసినవా?