ఎడమ భుజం పల్లం

పాతికేళ్లు బట్టలు కుట్టిన చేత్తోనే ఆయన ఇప్పుడు బట్టలు చింపుతున్నాడు, అదీ జీతం తీసుకుని మరీ. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు వద్దని తిప్పి పంపినవన్నీ ఆ గోడౌన్‌కి వస్తాయి. వాటిని ఇస్త్రీ చేసి మళ్లీ అమ్మడం కంటే చింపి పారేయడమే చవకట. ఏం లెక్కో ఆ మహానుభావులకే తెలియాలి.

బల్లకి అటువైపు కూర్చున్న అమ్మాయి కవరు విప్పి, ఎందుకు తిప్పి పంపారో తెరమీద చూసి పైకి చదువుతుంది. ఇటువైపు ఆయన వీపు మీద ఒక కోత, చేతులకి చెరొకటి పెట్టి పక్కనున్న యంత్రంలో పడేస్తాడు. అది క్షణంలో పీచు చేసేస్తుంది. రెడీమేడ్ల దెబ్బకి కొట్టు మూతపడ్డా, "మాస్టారూ" అన్న పిలుపు మాత్రం మిగిలింది.

ఇంటికెళ్తే ఆ పిలుపూ ఉండదు. చెల్లెల్ని చదివించి, పెళ్లి చేసేసరికి తన పెళ్లి వయసు దాటిపోయింది. రెండేళ్ల కిందట మేనకోడలి పెళ్లికి బట్టలన్నీ తనే కుడతానన్నాడు. "నువ్వు కుట్టేసరికి ఫ్యాషన్ మారిపోతుంది మామయ్యా, ఆన్‌లైన్‌లో పెట్టేశాం" అంది ఆ పిల్ల. అందరూ నవ్వారు. చెల్లెలూ నవ్వింది. అన్నం ముట్టకుండా వచ్చేశాడు. ఆ తరవాత అన్నాచెల్లెళ్లిద్దరూ ఫోన్ చేసుకోలేదు. కోపంగా ఉందంటే నన్ను తలుచుకుంటున్నట్టే కదా అని సర్దిచెప్పుకుని బతుకుతున్నాడు.

మొన్న చలి మొదలవగానే ఉండబట్టలేక, పనివాళ్లకిచ్చే తగ్గింపు ధరలో ఒక ఉన్నికోటు కొన్నాడు. చిన్నప్పుడు మెట్లమీంచి పడి చెల్లెలి ఎడమ భుజం కాస్త దిగిపోయింది. ఏ రెడీమేడూ ఆమెకి సరిగ్గా కూర్చోదు. ఆ భుజం విప్పి, పల్లం పెట్టి కుట్టి, వచ్చిన కంపెనీ కవర్లోనే పెట్టి పంపాడు. పేరు రాయలేదు. ఆ భుజం చూస్తే ఎవరు పంపారో తెలీదా ఏంటి అని ఆయన పొగరు.

వారం తిరక్కుండా ఆ కోటు ఆయన బల్లమీదికే వచ్చింది.

"ఒక భుజం కిందికి దిగింది, కుట్టులో లోపం" అని చదివింది ఆ అమ్మాయి.

ఒళ్లు మండిపోయింది ఆయనకి. నా కుట్టుకే వంకా, ఇంత పగా అనుకున్నాడు. వీపు మీద ఒకటి కాదు, నాలుగు కోతలు పెట్టాడు. యంత్రం మింగేదాకా అక్కడే నిలబడ్డాడు. అయినా కడుపుమంట చల్లారలేదు. టీ వేళకి బయటికొచ్చి చెల్లెలికి ఫోన్ కలిపాడు.

"అంత నచ్చకపోతే నాకే పంపొచ్చుగా."

"ఏది అన్నయ్యా?"

"కోటు."

"అది నువ్వు పంపావా? మా పాప పెట్టిందనుకున్నా. మంచం మీద పరిస్తే ఒక పక్క కిందికుంది. వేసుకోకుండానే వెనక్కి పంపేశాను."

"నా మీద కోపం పోలేదనుకున్నా" అన్నాడాయన.

"కోపమా? ఎందుకు?" ఆమె నిజంగానే గుర్తు తెచ్చుకోడానికి ప్రయత్నించింది. "ఓ, పెళ్లిలో గొడవా. అది నేనెప్పుడో మర్చిపోయాను. పనుల్లో పడి ఫోన్ చెయ్యడం కుదర్లేదంతే."

రెండేళ్లుగా ఆయన పట్టుకు వేలాడుతున్న కోపం అవతల లేనే లేదు.

"ఇంకోటి కుడతాను. కొలతలిచ్చి వెళ్దువుగాని, ఒకసారి రా" అన్నాడు. ఆమె కొలతలు ఆయనకి నిద్రలో లేపి అడిగినా తెలుసు.

"ఇప్పుడెక్కడ కుదురుతుంది అన్నయ్యా. నువ్వు శ్రమ పడకు. అదే కంపెనీవాళ్లు వేరేది పంపిస్తున్నారు, రేపే వచ్చేస్తుంది."

"భుజం సరిపోదే నీకు."

"సరిపోకపోతే మళ్లీ వెనక్కి పంపేస్తాలే" అందామె.