జ్వరం రాని రోజు

ఎదురింటి పిట్టగోడ మీద ఎవరో తడిసిన గొంగడి ఆరేశారు. ఇంత ఉక్కపోతలో, ఈ టౌనులో, కంఠేశ్వర్ సందుల్లో గొంగడి ఎవరు కప్పుకుంటారు? ఎండకు ఆ తడి ఉన్ని వాసన మా వాకిట్లోకి వచ్చింది. ముక్కుకు తగలగానే దీనమ్మవ్వ గుర్తుకొచ్చింది.

బోధన్ దగ్గరి ఒక చెరుకు ఊరికి నేను కోడలిగా వెళ్ళాను. పెళ్ళయిన కొన్నాళ్ళకే మా ఆయన దుబాయ్ వెళ్ళాడు. కడుపుతో ఉన్న సంగతి ఫోన్లోనే చెప్పుకున్నాను. అత్తమ్మ చెడ్డదేం కాదు. కానీ పొద్దున్నే చేనుకు పోతే పొద్దుగూకాకే రాక. పలకరించే దిక్కులేక గోడతో మాట్లాడేదాన్ని. ఆ గోడకు అవతల దీనమ్మవ్వ ఉండేది. భర్త పోయిన ఒంటరి మనిషి, చర్చికి తప్ప గడప దాటేది కాదు. నోరు మాత్రం కత్తే.

వానలకు చెరుకు మడుల్లో నీళ్ళు నిలిచాక నాకు చలిజ్వరం పట్టుకుంది. పళ్ళు టకటకా కొట్టుకునేవి. అత్తమ్మ గొంగడి కప్పి, వేపాకు పొగ వేసేది. చెమటకు గొంగడి తడిసి ముద్దయ్యాక జ్వరం దిగేది. మర్నాడు ఏమీ ఎరగనట్టు లేచి వంట చేసేదాన్ని. ఆ మర్నాడు మళ్ళీ వణుకు. వణికే రోజు కదల్లేను, వణకని రోజు దవాఖాన ఎందుకులే అనుకునేవాళ్ళం. పైగా కడుపుతో ఉన్నవాళ్ళకు గోలీలు వేడి చేస్తాయని అత్తమ్మ భయం.

ఒకనాడు నేను గొంగడి ఆరేస్తుంటే దీనమ్మవ్వ గోడ మీదుగా చూసింది.

"ఏందే, మళ్ళ తడిసిందా? పా, దవాఖానకు పోదాం."

"ఇయ్యాల మంచిగనే ఉన్న అవ్వా. మళ్ళొస్తే పోత."

ఆమె ముఖం నల్లబడిపోయింది. "మా సునీత గూడ గిదే అన్నది."

సునీత ఆమె ఒక్కగానొక్క కూతురు. నందిపేట్‌లో ఇచ్చారు. కడుపుతో ఉన్నప్పుడు ఆ పిల్లకూ రోజు విడిచి రోజు ఇదే జ్వరం. జ్వరం లేని రోజు తల్లి చూడబోతే నవ్వుతూ చేపల కూర వండి పెట్టిందట. "కడుపునిండ తిన్న. బస్సెక్కి అచ్చిన. దవాఖానకు పోదామని ఒక్క మాట అనలె," అంది దీనమ్మవ్వ. ఆ తర్వాత కబురే వచ్చింది. తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు.

సాయంత్రం అత్తమ్మ అడ్డం పడింది. "గోలీలు మింగితే కడుపు నిలుస్తదా?"

"మింగకుంటే నిలుస్తదా? నీ మనుమనికి నువ్వే గోరి కడ్తవా?" అని దీనమ్మవ్వ గయ్యిమంది. అత్తమ్మ లోపలికి పోయి దవాఖాన ఖర్చుకు పైసలు తెచ్చింది.

దవాఖానలో రక్తం చూసి మలేరియా అన్నారు. "నీ ఒంట్లో రక్తం లేదు. బిడ్డకు అందాల్సింది అందడం లేదు," అంది డాక్టరమ్మ. గర్భిణులకు ఇవ్వదగిన మందులే రాసింది. ఇక అత్తమ్మ చేనుకు కదలగానే దీనమ్మవ్వ వేడి వేడి జొన్న గట్క గిన్నెతో దిగేది. నేను గోలీ మింగేదాకా ఎదురుగా కూర్చునేది. నేను ఏడిస్తే ఓదార్చేదా? అబ్బే! "ఏడువు, గని మింగి ఏడువు," అనేది. అంత ప్రేమగా నన్ను అంతకుముందెవరూ తిట్టలేదు.

నెలలు నిండకుండానే బిడ్డ పుట్టింది. పిల్లికూనంత ఉంది, తూకం చూసి నర్సమ్మ పెదవి విరిచింది. దీనమ్మవ్వే దాన్ని నా రొమ్ము మీద పడుకోబెట్టి తన శాలువా కప్పింది. అది కెవ్వుమనగానే "గింత పిల్లకు గంత గొంతా!" అని నవ్వింది. తర్వాత గోడవైపు తిరిగి చాలాసేపు ఏడ్చింది. ఆ ఏడుపు సునీత కోసమని నాకు తెలుసు.

అవ్వ ఇప్పుడు లేదు. నా బిడ్డ అత్తారింట్లో ఉంది, మనిషి బక్కదే గానీ నోరు అచ్చం అవ్వదే. మా ఆయన దుబాయ్ నుంచి తిరిగొచ్చాక ఈ టౌనుకు మారాం. ఆయన కూడా చనిపోయాక మళ్ళీ నేనూ, గోడలే మిగిలాం.

వెళ్ళి ఎదురింటి తలుపు కొట్టాను. కొత్తగా అద్దెకొచ్చిన పిల్ల తీసింది. నిండు కడుపుతో ఉంది.

"ఆ గొంగడి ఎవరు కప్పుకున్నరు బిడ్డా?"

"నేనే పెద్దమ్మా. నిన్న మస్తు సలి పెట్టింది. ఇయ్యాల మంచిగనే ఉన్న."

"గందుకే ఇయ్యాలనే పోదాం. చెప్పులేసుకో," అన్నాను. ఆటో ఎక్కేదాకా నేను ఆ పిల్ల చెయ్యి వదల్లేదు.